పిలువకయే వచ్చు తలపులు

తర్కసంగ్రహము చేతబట్టిన విద్యార్థికి తొలినాళ్ళలోనే చెప్పబడు విభాగమొకటి కలదు. జ్ఞానము స్మృతి యనియు, అనుభవమనియు రెండు విధములు. సంస్కారమాత్రమున పుట్టునది స్మృతి. ఎదుటనున్న కుండను చూచి "ఇది" యందుము. నిన్న చూచిన కుండను తలచి "అది" యందుము. ఈ చిన్న భేదము చెడినచో మనుష్యుడెంత బాధపడునో లోకములోనికి వచ్చినగాని తెలియదు.

1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో వేలాది జనులు మరణించిరి. అట్టి విపత్తునుండి బ్రదికి బయటపడినవాని నొకని ఊహింపుడు. ఏండ్లు గడచినను, గాలిహోరు చెవిని బడినంతనే నీరు మరల మీదికి వచ్చుచున్నట్లే యుండును. గుండె దడదడలాడును, చెమట పట్టును. స్మృతియే అనుభవపు వేషము వేసికొని వచ్చినది. "అది" అనవలసినచోట మనస్సు "ఇది" అనుచున్నది. ఈ స్థితి నెల దాటి నిలిచి, జీవనమునకు అడ్డుపడినచో వైద్యులు దానిని రోగముగా నెంచుదురు. అమెరికా మనోవైద్యుల రోగపట్టికలో 1980లో దీనికి ప్రత్యేకనామ మేర్పడినది. ఇది పిరికితనము కాదు. భక్తిలోపము అంతకన్నను కాదు.

"ఆ సంగతి మరచిపొమ్ము" అని బంధువులు చెప్పుదురు. ఉద్దేశము మంచిదే, ఫలము విపరీతము. 1987లో డేనియల్ వెగ్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కొందరిని తెల్ల ఎలుగుబంటిని తలపవలదని నియమించెను. తలపు ఆగలేదు. నిషేధము తొలగించిన పిమ్మట, మొదటినుండి తలచుకొనవచ్చు నన్నవారికంటె వీరికే అది హెచ్చుగా తోచెను. మందు త్రాగునపుడు కోతిని తలపరాదన్న మన కథ ఎరిగినవారికి ఇందు వింత లేదు.

మరి చేయవలసినదేమి? తలపుతో కుస్తీ పట్టక, "ఇది స్మృతి" అని ముందు గుర్తింపవలెను. పిమ్మట ప్రత్యక్షప్రమాణమును పిలువవలెను: పాదముల క్రింది నేల, ఎదుటి గోడ, చేతిలోని చెంబు చల్లదనము, నేటి తిథివారములు. వీనిని పైకి చెప్పుకొనిన మరియు మేలు. శిక్షణ పొందిన వైద్యుని సమక్షమున, జరిగినదానిని మెల్లమెల్లగా పలుమార్లు చెప్పుకొను చికిత్సయు కలదు. చెప్పగా చెప్పగా అది గడచినకథయై కూర్చుండును. ఇంటివారు మాత్రము బలవంతముగా చెప్పింపరాదు.

నామజపమును గూర్చియు పరిశోధన జరిగినది. ఈ బాధ గల అమెరికా మాజీ సైనికులు 173 మందితో జిల్ బోర్మన్ మొదలగువారు చేసిన పని 2018లో వెలువడినది. అందొక భాగమువారికి, తాము ఎన్నుకొనిన పవిత్రనామమును మనస్సున జపించుట ఎనిమిది వారములు నేర్పిరి. వేరొక చికిత్స పొందినవారికంటె వీరికి ఉపశమన మధికముగా కలిగెను. మనవారు గమనింపవలసిన దొకటి: నామము తలపును తరుము కర్ర కాదు. నెమ్మదిగా నున్న వేళలలో, నిద్రకు ముందు, అభ్యసించి యుంచిననే కలతవేళ చేతికందును. మనస్సెటు పోయిన అటనుండి మరలించుకొమ్మని గీత ఆఱవ అధ్యాయము చెప్పినదియు ఇట్టి పనియే; అందు పోరాటము లేదు.

జపముండగా వైద్యమేల యనువారితో నేనేకీభవింపను. నిద్రపట్టక, బ్రదుకుపై విసుగు పుట్టినవానిని ఆలసింపక మనోవైద్యునికడకు కొనిపోవలెను. ప్రభుత్వపు టెలీమానస్ 14416 సంఖ్యకు రాత్రింబవళ్ళు ఫోను చేయవచ్చును, తెలుగుననే మాటలాడుదురు.