సాయంత్రం ఆరింటికి

నాకు 69 ఏళ్లు. వడ్రంగిని, కాకినాడ. మందు ముట్టక 21 ఏళ్లయింది. కొత్తగా మానిన కుర్రాళ్లు అడుగుతుంటే చెప్పే మాటలివి.

1. ఉన్నపళంగా, ఒక్కడివే మానకు. రోజూ తాగే ఒళ్లు మందు ఆగగానే తిరగబడుతుంది. ఫిట్స్ రావచ్చు. రెండో మూడో రోజుకి మతి తప్పి ప్రాణం మీదికీ రావచ్చు. నేను పౌరుషానికి పోయి ఇంట్లోనే మానేశాను. మూడో రాత్రి గోడ నిండా చీమలు పాకుతున్నాయని చీపురుతో కొడుతుంటే, గాలి సోకిందనుకుని మా ఆవిడ తాయెత్తు కట్టించింది. తెల్లారాక పక్కింటివాళ్లు ఆసుపత్రికి మోసుకెళ్లారు. అక్కడ ముందు విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాతే గ్లూకోజ్ ఎక్కించారు. ఆ వరస తప్పితే మెదడు దెబ్బతినొచ్చట.

2. బయట వేసిన తాళం చాలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1995 జనవరిలో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. ఆ తల్లులకు చేతులెత్తి మొక్కుతాను, ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. నేను మాత్రం బస్సెక్కి యానాం పోయేవాణ్ణి. అది పుదుచ్చేరి కిందిది, నిషేధం లేదు. మా పిల్లల తిండి డబ్బులోంచి బస్సు చార్జీ కూడా పోయేది.

3. మందు దిగాకే మనసు బయటపడుతుంది. నా దిగులు నా తాగుడుకన్నా పాతది, ఆ సంగతి మానాకే తెలిసింది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ, కారణం లేని ఏడుపు. చిత్రిక పట్టిన చెక్కనే మళ్లీ మళ్లీ పట్టేవాణ్ణి, పలచబడి పనికిరాకుండా పోయేదాకా. మానసిక వైద్యులు మాత్రలు రాశారు. "ఆ మందు మాని ఈ మందు పట్టావా" అన్నారు చుట్టాలు. ఆ మాటకి రెండుసార్లు మాత్రలు ఆపాను, రెండుసార్లూ మంచాన పడ్డాను. తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరు చెప్పాలి. చావాలనిపిస్తే ఆ క్షణమే పక్కనున్న మనిషితో చెప్పు. ఎవరూ లేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది. రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు.

4. సాయంత్రం ఆరింటికి ముందే ఏర్పాటు చేసుకో. పగలు పనిలో గడిచిపోతుంది. ఆరైతే కాళ్లు వాటంతటవే దుకాణం వైపు తిరుగుతాయి. నేను ఐదున్నరకే కడుపు నిండా తినేసేవాణ్ణి, ఖాళీ కడుపుతో యావ ఎక్కువ. ఇంకో వీధిలోంచి ఇంటికెళ్లేవాణ్ణి. ఆపైన మీటింగ్. 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్, ఇద్దరూ తాగుడు వదలలేనివాళ్లే, ఒకరి గోడు ఒకరికి చెప్పుకుంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. మా మీటింగ్‌లో ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు గ్లాసుల్లో టీ. మొదటిరోజు నా చెయ్యి వణికి టీ ఒలికిపోతుంటే పక్కాయన ఏమీ అనకుండా సగం తన గ్లాసులోకి ఒంపుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ కుర్చీ వదల్లేదు.

5. జారితే దాచకు. పద్నాలుగు నెలలకి మేనకోడలి పెళ్లిలో తాగాను. పొద్దున్నే సిగ్గుతో ఆ పక్కాయనకే ఫోన్ చేశాను. "సాయంత్రం వస్తున్నావుగా" అన్నాడు. వెళ్లాను. ఈ 21 ఏళ్లూ ఆ సాయంత్రం నుంచి లెక్క.

6. ఇంట్లోవాళ్ల నమ్మకాన్ని తొందరపెట్టకు. మానిన మూడేళ్ల దాకా, పని నుంచి రాగానే మా ఆవిడ గుమ్మంలో నా కాలరు సర్దేది. వాసన చూస్తోందని నాకు తెలుసు. మెడ వంచి నిలబడేవాణ్ణి. ఇప్పుడు చొక్కా నలిగితేనే సర్దుతోంది.