వ్యాసరచనకు ఐదు మెట్లు

మన పూర్వులలో అనేకులు గిర్మిట్ కాగితముపై వ్రేలిముద్ర వేసి ఓడ నెక్కిరి. 1903లో మద్రాసు నుండి ఎల్బ్ అను ఓడ ఫిజీ చేరినది మొదలు 1916లో కూలీల రాక నిలిచిపోవువరకు ఇదే తీరు. ఆ కాగితములో నేమున్నదో చదువగలవారు కొలదిమందియే. వారి సంతతివారమైన మనకు నేడు చదువునకు కొదువ లేదు. అయినను, తాను నమ్మిన మాటను ఎదుటివారు అంగీకరించునట్లు వరుసగా వ్రాయుట ఇంకను మన పిల్లలకు కష్టముగనే యున్నది. ఈ చిన్నపాఠము వారి కొఱకును, వారి తల్లిదండ్రుల కొఱకును వ్రాయుచున్నాను.

నేను ఫిజీలో ఆదివారములందు గుడిబడిలో తెలుగు నేర్చితిని. ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రములోని బాతెల్ పట్టణమున ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు వ్యాసరచన బోధించుచున్నాను. ఇచటి పాఠశాలలలో ఐదు పేరాల పద్ధతి వాడుకలో నున్నది: ఆరంభము ఒకటి, నడుమ మూడు, ముగింపు ఒకటి. పిల్లలు దీనిని త్వరగా పట్టుకొందురు. కాని చాలమంది ఒకే కారణమును మూడు విధములుగా చెప్పి మూడు పేరాలు నింపుదురు. పెట్టెలు నిండును గాని అందు సరకుండదు.

ఈ లోపమును దిద్దుటకు మన న్యాయశాస్త్రము నాకు తోడ్పడినది. గౌతముని న్యాయసూత్రములలో వాదమునకు ఐదు అవయవములు చెప్పబడినవి.

1. ప్రతిజ్ఞ: నేను నిరూపింపదలచినది. కొండపై నిప్పున్నది.
2. హేతువు: ఏల? అచట పొగ కనబడుచున్నది.
3. ఉదాహరణము: పొగ యున్నచోట నిప్పుండును, వంటయింటిలో చూచితిమి గదా.
4. ఉపనయము: ఈ కొండపై పొగయు అట్టిదే.
5. నిగమనము: కావున కొండపై నిప్పున్నది.

పిల్లలు మఱచునది నాలుగవ మెట్టు. ఉదాహరణము చెప్పి ఊరకుందురు. అది తమ విషయమునకు ఎట్లు తగులునో చెప్పరు. ఒకనాడు ఈ పాఠము చెప్పుచుండగా ఒక బాలిక లేచి, “2020 సెప్టెంబరులో మన ఊరినిండ పొగయే. నిప్పు మాత్రము ఎక్కడో దూరపు అడవులలో నుండెను” అనెను. తరగతి యంతయు నవ్వెను. నేను ఆమెను మెచ్చుకొంటిని. కొండపై నుండి తెగక పైకి లేచుచున్న పొగయే హేతువగును. గాలికి కొట్టుకొని వచ్చిన పొగ కాజాలదు. ఈ భేదమును పరీక్షించు చోటే ఉపనయము.

ఇంకొక మాట. మన శాస్త్రకారులు సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షమును నిలుపుదురు. ఇచటి పాఠ్యప్రమాణములును ఏడవ తరగతి నుండి ఎదుటి వాదమును గుర్తింపవలెనని కోరుచున్నవి. దీని విలువ నాకు ఒక బాలుని వలన తెలిసినది.

అతడు మనవంటి గిర్మిట్ కుటుంబమువాడే. “ఇంటిలో తెలుగు నేర్పుట వ్యర్థము” అని వ్యాసము వ్రాసెను. హేతువు, ఆ భాషలో మాటలాడుటకు ఎవరును లేకపోవుట. ఉదాహరణము, తన తాతగారు సయితము ఫిజీ హిందీలోనే మాటలాడుట. చదివి నా మనస్సు నొచ్చినది. ఎఱ్ఱసిరాతో తప్పు వెదకితిని. వరుసలో తప్పు లేదు. పూర్వపక్షము మాత్రము లేదు. “నీ మాట నొప్పుకొనని వారి నొకరిని అడిగి రమ్ము” అని కాగితము తిరిగి యిచ్చితిని.

అతడు తన అవ్వ నడిగెను. ఆమె ముత్తాతగారి వలసపత్రపు నకలు తీసి చూపెనట. అందు పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఊరు, అన్నియు గుమాస్తా ఇంగ్లీషులో వ్రాసినవే. ఊరి పేరు ఎవరికిని అర్థము కాలేదు. అవ్వ దానిని తెలుగు నోటితో రెండు మూడు తీరుల పలికి, “ఇది మా నాయనమ్మ చెప్పిన ఊరే” అనెనట. బాలుడు ఈ సంగతిని పూర్వపక్షముగా చేర్చెను. నిగమనము పూర్తిగా మారలేదు. “అందఱికి అవసరము లేకపోయినను, ఇంటికొక్కరికైన తెలుగు రావలెను” అని ముగించెను. నేను కోరినంత కాదు. కాని అది అతడు తానే చేరుకొన్న మాట. పూర్తి మార్కులు వేసితిని.

అభ్యాసము

ఈ వారము ఇంటిలో పిల్లలచే ఇట్లు చేయింపుడు.

అ) ఒకే వాక్యములో ప్రతిజ్ఞ వ్రాయవలెను.
ఆ) రెండు హేతువులు వ్రాసి, అవి వేఱువేఱో, ఒకటియేనో చూడవలెను.
ఇ) ఒక ఉదాహరణము ఇంటి పెద్దల నడిగి తేవలెను.
ఈ) “ఇది నా విషయమునకు ఎట్లు తగులును?” అను ప్రశ్నకు రెండు వాక్యములలో జవాబు వ్రాయవలెను.
ఉ) ఒప్పుకొననివారి మాటను వారు మెచ్చునట్లు వ్రాసి, పిమ్మట ముగింపవలెను.

తల్లిదండ్రులారా, పిల్లల నిర్ణయము మీకు నచ్చకపోయినను కోపింపకుడు, హేతువు నడుగుడు. వ్రేలిముద్ర వేసినవారి బిడ్డలు తమ మాటను తామే వ్రాసి, దాని క్రింద సంతకము చేయుదురు గాక.