వేఁడిమీటరు: దోషమును గుర్తించు విధము

వేసవిలో పరకాలనుండి హనుమకొండకుఁ బోవునపుడు కారులోని వేఁడిమీటరు ముల్లు కదలకున్నచో మనము సంతోషింపరాదు. మీటరు నిజమాడుచున్నదో లేదో పరీక్షింపవలెను. అంబాసిడరు నిర్మాణము 2014లో నిలిచిపోయినను, అట్టి పాతకారులను కాపాడుకొనువారు నేఁడును గలరు.

విద్యుత్తుతోఁ బనిచేయు మీటరునకు ఇంజను నీటిలో నొక చిన్న సెన్సారు మునిఁగియుండును. నీరు వేఁడెక్కినకొలఁది దాని విద్యున్నిరోధము తగ్గును, కరెంటు హెచ్చును, ముల్లు పైకిఁ బోవును. నీరు తగ్గి సెన్సారు గాలిలో నిలిచెనేని, ఇంజను మాడుచున్నను ముల్లు క్రిందనే యుండవచ్చును.

కావున మొదట, ఇంజను పూర్తిగాఁ జల్లారిన పిమ్మట, రేడియేటరు మూఁత తీసి నీరు చూడవలెను. వేఁడిమీఁదఁ దీసినచో ఒత్తిడితోనున్న నీరు పైకెగసి ముఖమును గాల్చును.

నీరు సరిగా నున్నచో సెన్సారు తీఁగను ఊడఁదీసి, కీ త్రిప్పి, తీఁగకొనను క్షణకాలము ఇంజను ఇనుమునకుఁ దాఁకింపవలెను. ముల్లు పైకి లేచినచో తీఁగయు మీటరును మంచివే, దోషము సెన్సారుది. లేవకున్నచో ఫ్యూజు, తీఁగ, మీటరు వరుసగాఁ జూడవలెను. ఇంజను చల్లగా నున్నను ముల్లు పైననే నిలిచినచో, తీఁగ తొడుగు చినిఁగి ఇనుమునకుఁ దగులుచుండవచ్చును. మీటరునకుఁ దీఁగకు బదులు సన్నని గొట్టము వచ్చుచున్నచో అది వేఱొక రకము. ఈ పరీక్ష దానికిఁ జెల్లదు.

త్రోవలో ముల్లు పైకిఁ బోయినచో మాత్రము ముందు కారు నాపుదము. మీటరును శంకించుట తరువాత. ఇంజను చెడిన పిమ్మట మీటరు నిజమే చెప్పెనని తెలిసికొనుట వ్యర్థము.