పిందె పులుపు

ప్రొద్దుటూరు

పాపా,

నీ జాబు అందింది. వ్యాసంలో ‘ద వాటర్ ప్రాబ్లం ఎగ్జాసర్బేటెడ్’ అని రాస్తే సారు ఎర్రగీత కొట్టినారని, నిఘంటువులో చూస్తే ‘తీవ్రతరం చేయు’ అనే ఉందని నీ ఫిర్యాదు. నిఘంటువూ తప్పు చెప్పలేదు, సారూ తప్పు దిద్దలేదు. ఆ ‘చేయు’ మీద నీ చూపు పడలేదు, అంతే.

మన ఇంటి మాటల్లో చెప్తా. ‘తగువు ముదిరింది’ అంటాం. ‘తగువు ముదరబెట్టినాడు’ అనీ అంటాం. ముదిరింది అనడానికి ‘వర్సెండ్’ చాలు. ముదరబెట్టడమే ఎగ్జాసర్బేట్. ఏది ముదరబెట్టింది, దేన్ని ముదరబెట్టింది, రెండూ వాక్యంలో ఉండాల.

నీళ్ల గురించే రాశావు కాబట్టి పులివెందుల వైపు చీని తోటలు తలుచుకో. వానల్లేక బావులు అడుగంటినాయి. చెట్లు బతకాలని ఒకాయన బోరేస్తే, పక్క చేనాయన ఇంకా లోతుకు దించినాడు. మొదటాయన బోరు ఎండింది. మళ్లీ అప్పు, మళ్లీ బోరు. కరువును తెచ్చింది బోర్లు కాదు, ఉన్న కరువును అవి ముదరబెట్టినాయి. ‘బోర్‌వెల్స్ ఎగ్జాసర్బేటెడ్ ద వాటర్ ప్రాబ్లం’ అని రాసుంటే గీత పడేది కాదు. ఇంకోటి, ముందే చెడు ఉన్నచోటే ఈ మాట. కాపు బాగుండి ఇంకా పెరిగితే దీన్ని వాడకు.

నాకు సరదా అనిపించే సంగతి వేరే ఉంది. దీని వేరు లాటిన్‌లో ‘అకెర్బుస్’. పచ్చికాయ కొరికితే నోరు ముడుచుకుపోయే పులుపు, వగరు. వాళ్లకు చెడు పెరగడమంటే పులుపెక్కడం. మనకేమో బెండకాయ ముదిరినట్టు ముదరడం. వాళ్లది పిందె, మనది ముదురు కాయ!

‘ఎగ్జాస్పరేట్’తో కలిపేసుకోవద్దు. అది మనిషిని విసిగించడం. నీ తమ్ముడు రోజూ మీ అమ్మను చేసే పని.

పల్లె బడుల పిల్లల కోసమని 2008లో పెట్టిన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో, తెలుగు మీడియం నుంచి వచ్చినదాన్నని కుంగిపోతున్నట్టు రాశావు. ముదురు, ముదరబెట్టు తేడా పుట్టుకతో తెలిసినదానివి, దాన్ని పక్కనబెట్టి ఇంగ్లీషు అర్థాలు బట్టీపడితే ఎట్ల? 1820లో కడపకొచ్చిన బ్రౌన్ దొర మన మాటలు ఒక్కొక్కటే అడిగి తెలుసుకునే నేర్చినాడు. సెలవురోజు వేంపల్లె మీదుగా కడపకు పోయి, ఆయన బంగళా ఉన్నచోట కట్టిన గ్రంథాలయంలో ఆయన నిఘంటువు తీసి ‘ముదురు’ చూడు.

ఆ వ్యాసం మళ్లీ రాయి. పండక్కి వచ్చేటప్పుడు రెండు కాగితాలూ తీసుకురా, ఎర్రగీత ఉన్నది ముఖ్యంగా.

మీ చిన్నాయన