లైను చివర నున్న బావి

“కరెంటు ఉన్నది గాని అందులో బలము లేదు, మోటారు మరల కాలినది” అని మన సంఘసభ్యులు మాతో తరచుగా చెప్పుచుందురు. సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ అనంతపురము మెట్టసీమలో, వేరుశనగ ఊడలు దిగు సమయమున బోరు నిలిచినచో కాయ గట్టిపడదు. కావున ఆ బలము దారిలో ఎచ్చట పోవుచున్నదో మనము తెలిసికొనవలసియున్నది.

నంబులపూలకుంట యొద్ద 2016లో పూర్తియైన ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రమును చూచినవారు, “ఇంత దగ్గర పుట్టిన కరెంటు మన బావికి నేరుగా రాదేమి?” అని అడుగుదురు. అచ్చట పుట్టినది 220 కిలోవోల్టులకు పెంచబడి, ఇతర కేంద్రముల విద్యుత్తుతో ఒకే చెరువున చేరిన వాగులవలె కలిసిపోవును. పిమ్మట సబ్‌స్టేషనులయందు 132, 33, 11 కిలోవోల్టులుగా మెట్టుమెట్టున దిగి, మన ట్రాన్స్‌ఫార్మరు యొద్ద సుమారు 400 వోల్టులగును.

ఇంత పెంచి దించుట యెందులకు? తీగలో నష్టము ప్రవాహముయొక్క వర్గమును బట్టి యుండును. ప్రవాహము రెట్టింపైన నష్టము నాలుగింతలు. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు నిండుభారముతో నున్నపుడు 11 కిలోవోల్టుల వైపున పారునది 1.3 ఆంపియర్లు, క్రిందివైపున 33 ఆంపియర్లు. రెండువైపులను ఒకే తీగ యున్నదనుకొన్నచో క్రింద నష్టము ఆరువందల రెట్లకు పైబడును. చేటు దూరపు పెద్దలైనులో కంటె, ట్రాన్స్‌ఫార్మరు నుండి పొలముల మీదుగా సాగదీసిన చిన్నలైనులోనే యెక్కువ. అందుచేతనే 11 కిలోవోల్టుల తీగనే బావుల దరికి తెచ్చి, రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు నిలుపు పద్ధతి వచ్చినది.

5 హెచ్.పి. మోటారు సుమారు 7 ఆంపియర్లు లాగును. నాలుగింటికని పెట్టిన ట్రాన్స్‌ఫార్మరునకు చాటుగా ఆరు తగిలించినచో చివరిబావి యొద్ద వోల్టేజి పడిపోవును. వోల్టేజి ఐదవవంతు తగ్గిన, మోటారు త్రిప్పుబలము మూడవవంతుకు పైగా తగ్గును. నీటిబరువు తీయలేక అది మరింత కరెంటు లాగి, వైండింగు వేడెక్కి కాలును. అదనముగా తగిలించినవాడు ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కవాడు, కాలినది చివరివాని మోటారు! ఇది మాకు న్యాయముగా తోచదు. 2004 నుండి సాగునకు కరెంటు ఉచితము గదా, నష్టము మనకేమి యని కొందరందురు. బిల్లు లేదు నిజమే. వైండింగు ఖర్చు ఎవరిది?

ఆటోస్టార్టర్లు మరియొక బెడద. కరెంటు రాగానే మోటార్లన్నియు ఒక్కపెట్టున లేచును. లేచు క్షణమున ఒక్కొక్కటి మామూలుకంటె ఐదారు రెట్లు లాగును గనుక ఫ్యూజు పోవును. అప్పుడు చీకటిలో ఎవరో ఒకరు లావుతీగ చుట్టుటకు పోవుదురు. అట్లు పోయి ప్రాణములు విడిచినవారి ఇండ్లు మన పల్లెలలో నున్నవి. ఫ్యూజు లైన్‌మన్ వేయవలసినది. ఒకరి తరువాత ఒకరు రెండేసి నిమిషముల యెడముతో మోటారు వేసికొన్నచో ఫ్యూజే పోకుండును. 5 హెచ్.పి. మోటారునకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు బిగించినచో లైనులో ప్రవాహము తగ్గి, చివరివానికి కొంత వోల్టేజి దక్కును.

ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులందరు కూడి, మోటార్లన్నియు నడుచుచుండగా చివరి స్టార్టరు మీటరు చూచి, మూడు దినములు అంకెలు వ్రాసికొనవలెను. 370 వోల్టులకు తగ్గినచో ఆ కాగితమును, ఉన్న మోటార్ల నిజమైన లెక్కతో, అందరి సంతకములతో సెక్షన్ ఆఫీసునకు అర్జీగా పెట్టవచ్చును.