హక్కునకు గడువు కలదు

గ్రామమున తగవు పుట్టినప్పుడు జనులు మొదట పోవునది పంచాయతీ సభ్యుని ఇంటికే. కోర్టు దూరము, సభ్యుడు ఇరుగుపొరుగువాడు. ఉభయపక్షములను కూర్చుండబెట్టి మంచి మాటలతో సమాధానపరచుట మన పల్లెలలో నేటికిని నిలిచియున్న సదాచారము. అయితే ఈ మంచి పనిలో ఒక చిక్కు కలదు. “కోతలు కానిండు, సంక్రాంతి వెళ్లనిండు” అని పెద్దలు వాయిదాలు వేయుచుందురు. చట్టము మాత్రము తన దినములను తాను లెక్కించుచునే యుండును. రాజీ కుదురునను ఆశతో గడువు దాటిపోయి, న్యాయమైన హక్కును పోగొట్టుకొనువారు కలరు. కనుక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సభ్యులకు నిత్యము ఎదురగు నాలుగు విషయములను ఇచట వివరించుచున్నాము.

మొదటిది ప్రమాదములు. 2023 అక్టోబరు 29వ తేదీన విజయనగరం జిల్లాలో అలమండ, కంటకాపల్లి స్టేషన్ల నడుమ పలాస పోవు ప్యాసింజరు రైలును రాయగడ ప్యాసింజరు వెనుకనుండి ఢీకొనగా 14 మంది మరణించిరి. ఇట్టి సందర్భములలో ప్రభుత్వము వెంటనే ప్రకటించు సహాయము వేరు. చట్టప్రకారము రావలసిన నష్టపరిహారము వేరు. రైలు ప్రమాదమున ప్రయాణికుడు మరణించినచో వారసులకు 8 లక్షల రూపాయలు రావలెను. ఇందులకు రైల్వే క్లెయిముల ట్రిబ్యునలుకు ఒక సంవత్సరము లోపల దరఖాస్తు పెట్టుకొనవలెను. టిక్కెట్టు పోయినంత మాత్రమున హక్కు పోదని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది.

రోడ్డు ప్రమాదములకు గడువు ఇంకను తక్కువ. 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన సవరణ ప్రకారము ఆరు మాసముల లోపల దావా వేయవలెను. లారీ యజమానితో రాజీ మాటలాడుచు ఆరు మాసములు గడుపుట ప్రమాదకరము. గుద్దిన వాహనము ఏదో తెలియకపోయినను నిరాశపడ పనిలేదు. మరణమునకు 2 లక్షలు, తీవ్రమైన గాయమునకు 50 వేల రూపాయలు ఇచ్చు పథకము కలదు. రెవెన్యూ అధికారులకు దరఖాస్తు చేయవలెను. అన్నిటికిని పోలీసు రిపోర్టు నకలు ముఖ్యము.

రెండవది కుటుంబము. భర్త విడిచిపెట్టిన స్త్రీ భరణము కోరినప్పుడు, దరఖాస్తు పెట్టిన నాటినుండియే భరణము ఇప్పింపవలెనని సుప్రీంకోర్టు 2020లో చెప్పినది. అనగా పెద్దమనుషుల వాయిదాలలో గడచిన నెలలకు ఆమెకు భరణము రాకపోవచ్చును. ఇక ఆస్తి విషయము. పిత్రార్జితములో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును మన రాష్ట్రము 1985 నుండియే ఇచ్చినది. అప్పటికే వివాహమైన వారికి ఆ చట్టము వర్తింపలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ లోటును తీర్చినది. 2004 డిసెంబరు 20కి పూర్వము చట్టప్రకారము జరిగిన పంపకములు మాత్రము చెదరవు. ఇందు గడువుకంటె సంతకము ముఖ్యము. పసుపు కుంకుమల పేరిట కొంత చేతిలో పెట్టి, వాటా వదలుకొన్నట్లు పత్రము వ్రాయించుకొనుచున్నచో, అందేమి వ్రాసియున్నదో ఆడపడుచునకు చదివి వినిపించుట సభ్యుని ధర్మము.

మూడవది వ్యాపారము. పలాస జీడిపప్పు మొదలు సంతలోని ధాన్యము వరకు సరకు అరువుమీద పోవుచుండును. చెక్కు చెల్లక తిరిగివచ్చినచో, బ్యాంకు ఆ సంగతి తెలిపిన 30 దినముల లోపల వ్రాతపూర్వకముగా నోటీసు ఇవ్వవలెను. నోటీసు అందిన 15 దినములలో సొమ్ము రానిచో, అటుపిమ్మట ఒక మాసము లోపల కోర్టులో ఫిర్యాదు చేయవలెను. ప్రోనోటుకు మూడు సంవత్సరములు కాలము. ఆ కాలము తీరకముందే కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక చెల్లు వ్రాసి బాకీదారు సంతకము చేసినచో, ఆనాటినుండి కాలము మరల మొదలగును. నోటిమాట చెల్లు కాదు.

నాలుగవది పర్యావరణము. సోంపేట బీలలో తలపెట్టిన థర్మల్ విద్యుత్కేంద్రమును రైతులు, మత్స్యకారులు వ్యతిరేకించిరి. 2010 జూలై 14న అచట జరిగిన కాల్పులలో ప్రాణనష్టము సంభవించినది. పర్యావరణ అనుమతిపై అప్పీలు అప్పటికే విచారణలో నుండగా, జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ అదే దినమున ఆ అనుమతిని రద్దు చేసినది. పోయిన ప్రాణములను ఏ తీర్పును తిరిగి తేజాలదు. కాని బీలకు చట్టరక్షణ అప్పీలు కాగితము వలననే లభించినది. నేడట్టి అప్పీళ్లను హరిత ట్రిబ్యునలు విచారించును. మనకు చెన్నై బెంచి. గడువు 30 దినములు. తగిన కారణము చూపినచో మరి 60 దినములు. అంతకు ముందే ప్రజాభిప్రాయ సేకరణకు 30 దినముల నోటీసు ఇయ్యవలెను. ప్రాజెక్టు నివేదిక ముసాయిదాను ఆ లోపుననే చదివి, అభ్యంతరములను వ్రాసి ఇచ్చుట మేలు.

సభ్యుడు న్యాయవాది కానక్కరలేదు. తగవు వచ్చిన వెంటనే “ఇది ఎన్నడు జరిగినది? కాగితమేమి కలదు?” అని రెండు ప్రశ్నలు అడిగి, తేదీని పుస్తకములో వ్రాసికొన్నచో చాలును. పిమ్మట కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంస్థకు పంపవలెను. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ అచట ఉచిత సహాయము లభించును. 15100 నంబరుకు ఫోను చేసియు అడుగవచ్చును. దావా వేసినంత మాత్రమున రాజీ మార్గము మూసుకొనిపోదు. లోక్ అదాలతులో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. అయితే బాల్యవివాహము, పసిపిల్లలపై అత్యాచారము వంటివి రచ్చబండపై రాజీపరచదగినవి కావు. వానిని వెంటనే అధికారులకు తెలుపవలెను.

మంచి మాట చెప్పి తగవు తీర్చుడు. కాని ఆ మాటలు సాగుచుండగా పేదవాని గడువు తీరిపోకుండ కనిపెట్టియుండుడు.