రక్తము పలుచబరచు మాత్రలు – ప్లేట్‌లెట్లు ఎక్కించుట
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

డెంగీ జ్వరముల మూలమున కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల గ్రామములందు ప్లేట్‌లెట్లు అను మాట ఎరుగనివారు అరుదు. కాని గుండెపోటు, పక్షవాతము వచ్చినవారు నిత్యము సేవించు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలకును ఈ ప్లేట్‌లెట్లకును గల సంబంధము కొలదిమందికే తెలియును. అట్టివారికి దెబ్బ తగిలి రక్తస్రావమైనప్పుడు ఏమి చేయవలెనో ఇచట వివరించుచున్నాము.

చెరువుకట్టకు గండిపడినప్పుడు మట్టితట్టలతో ముందుగా పరుగెత్తివచ్చు జనము వంటివి ప్లేట్‌లెట్లు. రక్తనాళము తెగినచోట అవి ఒకదానినొకటి అంటుకొని గండిని పూడ్చును. అయితే ఇరుకైన గుండె నాళములో అవియే గుమిగూడినచో రక్తము గడ్డకట్టి, ప్రవాహము ఆగి, గుండెపోటు కలుగును. దానిని నివారించుటకే వైద్యులు ఈ మాత్రలిత్తురు.

డెంగీలో ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గును. ఈ మాత్రలు వాడువారిలో సంఖ్య లక్షన్నరకు మించియున్నను వాని పని మందగించును. ఆస్పిరిన్ సోకిన ప్లేట్‌లెట్టు తన జీవితకాలమంతయు, అనగా 7 నుండి 10 దినముల వరకు, తిరిగి కోలుకొనదు. శరీరము దినమునకు సుమారు పదవవంతు చొప్పున క్రొత్తవానిని తయారుచేయును.

అట్లయిన దాతల ప్లేట్‌లెట్లను ఎక్కించి మందు ప్రభావమును విరువవచ్చును గదా యని తోచును. కొన్ని సందర్భములలో ఇది నిజమే. కాని టికాగ్రెలార్ వంటి మందు రక్తములో నుండగా క్రొత్తగా ఎక్కించిన ప్లేట్‌లెట్లును దానికి లోబడును. అంతకంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. ఇట్టి మాత్రలు వాడుచు, దెబ్బ తగులకయే మెదడులో రక్తస్రావమైన 190 మందిపై నెదర్లాండ్సు, బ్రిటను, ఫ్రాన్సు దేశముల వైద్యులు పరీక్ష జరిపి 2016లో ఫలితములు ప్రకటించిరి. ప్లేట్‌లెట్లు ఎక్కించినవారిలో మరణించినవారును, పరాధీనులైనవారును ఎక్కువగా నుండిరి. కావున శస్త్రచికిత్స అవసరము లేని అట్టి రోగులకు వానిని ఎక్కించుట తగదని నేటి వైద్యుల నిర్ణయము. ఆస్పిరిన్ వాడువారికి మెదడు శస్త్రచికిత్స వెంటనే చేయవలసివచ్చినచో ఎక్కించు విషయమును వైద్యులు ఆలోచింతురు. ప్లేట్‌లెట్లు ఎక్కించలేదని వైద్యుని నిందించుటయు, ఎక్కించి తీరవలెనని పట్టుబట్టుటయు మేలు చేయవు.

వానిని నిలువచేయుటయు సులభము కాదు. 20 నుండి 24 డిగ్రీల వేడిమిలో, ఎడతెగక కదుపుచు, సాధారణముగా 5 దినములు మాత్రమే ఉంచగలరు. ఆదిలాబాదున 2008లోను, జగిత్యాల, మంచిర్యాల, రామగుండములందు 2022లోను, కరీంనగరు, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులందు 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. అయినను రక్తభాగములను వేరుచేయు బ్లడ్ బ్యాంకు ఎచట నున్నదో, మెదడు శస్త్రచికిత్స ఎచట జరుగునో ముందే విచారించి యుంచవలెను. కొండప్రాంతపు గూడెములకు ఇది మరింత అవసరము.

పంచాయతీ సభ్యులు ఈ క్రింది పనులు చేయవచ్చును:

1. ఈ మాత్రలు వాడువారు మందు పేరు, మోతాదు వ్రాసిన చీటీని ఎల్లప్పుడు దగ్గర నుంచుకొనునట్లు ఆశా కార్యకర్తల ద్వారా చెప్పించవలెను.

2. అట్టివారి తలకు దెబ్బ తగిలినచో, పైకి గాయము కనబడకున్నను, 108 వాహనమును పిలిపించి, చీటీతోసహా ఆసుపత్రికి పంపవలెను. చివరి మాత్ర ఎప్పుడు వేసికొనిరో వైద్యునికి తెలుపవలెను.

3. రక్తస్రావపు భయముతో ఎవరును తమంతట మాత్రలు మానరాదని నచ్చజెప్పవలెను. గుండె నాళములో స్టెంటు వేయించుకొన్నవారు హఠాత్తుగా మానినచో గుండెపోటు రావచ్చును.

4. రక్తదాతల పేర్లు, రక్తవర్గములు పంచాయతీ కార్యాలయములో వ్రాసియుంచవలెను. ఆరోగ్యవంతులైన పురుషులు 3 నెలలకు, స్త్రీలు 4 నెలలకు ఒకసారి రక్తదానము చేయవచ్చును.

ప్లేట్‌లెట్లు ఎవరికి ఎక్కించవలెనో నిర్ణయించువాడు వైద్యుడు. ఆ నిర్ణయమునకు కావలసిన సమాచారమును, రోగిని సకాలమున ఆసుపత్రికి చేర్చు బాధ్యత గ్రామముదే.